ప్రతి వస్తువూ వెలుగుతుంది: ఉష్ణ వికిరణం మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫిజిక్స్‌లో ఉష్ణ వికిరణం మూడు నాలుగు పేజీల్లో అయిపోతుంది. వహనం, సంవహనం, వికిరణం అని మూడు పేర్లు బట్టీపట్టి, రెండు సూత్రాలు రాసేసి పిల్లలు తర్వాతి పాఠానికి వెళ్లిపోతారు. నాకు మాత్రం భౌతికశాస్త్రం మొత్తంలో మన ఒంటికి ఇంత దగ్గరగా ఉండే విషయం ఇంకొకటి కనిపించదు. మే నెల రాత్రి స్లాబు కింద నిద్ర పట్టకపోవడం, తెల్లారేసరికి బైకు సీటు తడిసి ఉండటం, గిన్నె అడుగున మసి, టీవీలో తుపాను బొమ్మ, అన్నీ ఇందులోవే. క్లాసులో పిల్లలు, బయట పెద్దలు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఎక్కువగా ఘనపదార్థాల గురించే ఉంటుంది.

ఉష్ణ వికిరణం అంటే ఒక్క మాటలో ఏమిటి?

ఒక వస్తువు తనలో ఉన్న వేడి వల్ల బయటకు పంపే విద్యుదయస్కాంత తరంగాలు. వస్తువు వేడిగా ఉందంటే లోపలి అణువులు, ఎలక్ట్రాన్లు కుదురుగా లేవని అర్థం. విద్యుదావేశం ఉన్న కణం ఊగితే తరంగం పుడుతుంది. కోట్ల కోట్ల కణాలు ఎవరి ఊపు వాళ్లదిగా ఊగుతుంటే అన్ని రకాల తరంగాలూ కలగలిసి వస్తాయి. వీటికి మధ్యలో గాలి అక్కర్లేదు, లోహం అక్కర్లేదు. సూర్యుడి వేడి 15 కోట్ల కిలోమీటర్ల శూన్యం దాటి మన వీపు మీద పడుతోంది కదా, ఆ దారి ఇదే.

రేడియేషన్ అంటే ప్రమాదం కదా?

ఆ మాట వినగానే ఎక్స్‌రేలు, అణు విద్యుత్ కేంద్రాలు గుర్తొచ్చి టెన్షన్ పడేవాళ్లు చాలామంది. ఇది అది కాదు. గది వేడిలో ఉన్న వస్తువుల నుంచి వచ్చేవి పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కిరణాలు, అంటే ఎరుపుకు అవతల ఉండి కంటికి కనిపించనివి. వాటిలో ఒక్కో ఫోటాన్‌కు, అంటే ఒక్కో కాంతి కణానికి, ఉన్న శక్తి మన ఒంట్లో అణువుల బంధాలు తెంచడానికి ఏమాత్రం చాలదు. కొలిమికి మరీ దగ్గరగా వెళ్తే చర్మం కాలుతుంది, అంతే.

వస్తువు ఎంత వేడెక్కితే వికిరణం మొదలవుతుంది?

మొదలవడం అంటూ ఏమీ లేదు. పరమశూన్యం, అంటే మైనస్ 273.15 డిగ్రీల సెల్సియస్ కంటే పైన ఉన్న ప్రతి వస్తువూ ఎప్పుడూ వికిరణం పంపుతూనే ఉంటుంది. మీరు కూర్చున్న కుర్చీ, గోడ, ఫ్రిజ్‌లోని ఐసు ముక్క, అన్నీ. కరుగుతున్న ఐసు ఒక్కో చదరపు మీటరు నుంచి సెకనుకు 300 జౌళ్లకు పైగా, అంటే 300 వాట్లకు పైగా పంపుతుంది. ఈ సంఖ్య చెప్పినప్పుడల్లా క్లాసులో ఎవరో ఒకరు లేచి తర్వాతి ప్రశ్న అడుగుతారు.

మరి ఐసు దగ్గర చెయ్యి పెడితే వెచ్చగా ఎందుకు ఉండదు? చల్లగా తగులుతుందేం?

మీ చెయ్యి అంతకంటే ఎక్కువ పంపుతోంది కాబట్టి. ఐసు నుంచి చేతికి 300 వస్తే, చెయ్యి అటు 480 దాకా ఇస్తుంది. ఇచ్చేది ఎక్కువ, వచ్చేది తక్కువ. ఆ లోటునే మనం చల్లదనం అంటున్నాం.

ఈ విషయం తేలడానికి ఒక చిత్రమైన ప్రయోగం కారణం. 1790 ప్రాంతంలో జెనీవాలో మార్క్ ఒగుస్త్ పిక్టే రెండు పుటాకార లోహపు అద్దాలను ఎదురెదురుగా, దూరంగా నిలబెట్టారు. ఒకదాని నాభి (కిరణాలన్నీ వచ్చి కలిసే చోటు) దగ్గర థర్మామీటరు, రెండోదాని నాభి దగ్గర మంచు నింపిన పాత్ర. థర్మామీటరు పడిపోయింది. అంటే చలి కూడా కిరణాలుగా ప్రయాణించి అద్దాల మీద పరావర్తనం చెందుతోందా? అదే ఊరివాడు పియర్ ప్రెవో 1791లో జవాబు చెప్పారు: చలి కిరణాలు లేవు. ప్రతి వస్తువూ పక్కన ఏముందో చూసుకోకుండా తన వేడిని బట్టి పంపుతూనే ఉంటుంది, పక్కవాటి నుంచి తీసుకుంటూనే ఉంటుంది. థర్మామీటరు ఎప్పటిలాగే పంపింది. మంచు వైపు నుంచి రావలసినంత రాలేదు, అందుకే చల్లబడింది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఒక్కటి మనసుకు పడితే ఈ పేజీలో మిగతా సగం దానంతట అదే అర్థమవుతుంది.

ఎంత పంపుతుందో లెక్క కట్టడం ఎలా?

ఉష్ణోగ్రతను కెల్విన్లలోకి మార్చండి (సెల్సియస్‌కు 273 కలపాలి). దాన్ని 100తో భాగించి, వచ్చినదానికి నాలుగో ఘాతం వేసి (అంటే దాన్నే నాలుగుసార్లు రాసి ఒకదానితో ఒకటి గుణించి), 5.67తో హెచ్చవేయండి. చదరపు మీటరుకు ఎన్ని వాట్లో వచ్చేస్తుంది. 27 డిగ్రీలు అంటే 300 కెల్విన్లు. 3ని నాలుగుసార్లు గుణిస్తే 81, దాన్ని 5.67తో హెచ్చిస్తే 459 వాట్లు. పుస్తకంలో స్టెఫాన్ స్థిరాంకం చూసి భయపడే పిల్లలకు నేను నేర్పే పద్ధతి ఇదే. ఆ స్థిరాంకం 5.67ను పది కోట్లతో భాగించిన సంఖ్య కాబట్టి, 100ను నాలుగుసార్లు ముందే తీసేస్తే చేతి లెక్క అయిపోతుంది. ఇది పూర్తి నల్లటి, ఆదర్శ వస్తువుకు. మామూలు వస్తువుకు చివర్లో ఉద్గారత అనే, ఆదర్శ వస్తువు పంపేదానిలో ఇది ఎన్నో వంతు పంపుతుందో చెప్పే, 1 కంటే తక్కువ సంఖ్యతో హెచ్చవేయాలి.

పిల్లలు తప్పు చేసే చోటు ఒకటుంది. 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు పెరిగితే వేడి రెట్టింపైందని, 16 రెట్లు వస్తుందని రాసేస్తారు. కెల్విన్లలో అది 303 నుంచి 333 మాత్రమే. వికిరణం ఒకటిన్నర రెట్లు కూడా పెరగదు. నిజంగా రెట్టింపు కావాలంటే 27 డిగ్రీల వస్తువు 327 డిగ్రీలకు చేరాలి. అప్పుడు 459 కాస్తా 7,348 అవుతుంది.

నాలుగో ఘాతమే ఎందుకు? ఎవరు కనిపెట్టారు?

వియన్నాలో యోజెఫ్ స్టెఫాన్, 1879లో. ఆయన చేతిలో ఉన్న ఒక ముఖ్యమైన ఆధారం జాన్ టిండాల్ ప్లాటినం తీగతో చేసిన కొలత. తీగ మసక ఎరుపులో ఉన్నప్పటి కంటే, తెల్లగా మండుతున్నప్పుడు వికిరణం 11.7 రెట్లు ఉంది. ఆ రెండు రంగులకు 525, 1,200 డిగ్రీలని అప్పట్లో అంచనా. కెల్విన్లలో 798, 1,473. ఒకదాన్ని మరోదానితో భాగించి నాలుగో ఘాతం వేస్తే 11.6. ఇంత చక్కగా కుదరడంలో అదృష్టం పాలు కూడా ఉంది, ప్లాటినం తీగ ఆదర్శ వస్తువేమీ కాదు. కానీ స్టెఫాన్ పట్టుకున్న నియమం సరైనదే. 1884లో ఆయన శిష్యుడు లుడ్విగ్ బోల్ట్జ్‌మన్ దాన్ని ఉష్ణగతికశాస్త్రం నుంచి రాబట్టి చూపించారు. అందుకే ఇద్దరి పేర్లూ కలిపి చెబుతాం.

ఫ్యాను తిరుగుతున్నా పై అంతస్తులో రాత్రి ఉడికిపోతాం. ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే నేనూ ఆ స్లాబు కిందే పెరిగాను. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు రాత్రి పదింటికి కూడా లోపలి వైపు 42 డిగ్రీలు ఉందనుకుందాం. పై పద్ధతిలో వేస్తే 3.15 నాలుగో ఘాతం, 5.67తో గుణిస్తే 558. మన చర్మం 33 డిగ్రీల దగ్గర, అంటే 306 కెల్విన్ల దగ్గర, 497 పంపుతుంది. అంటే స్లాబు వైపు తిరిగి ఉన్న ఒక్కో చదరపు మీటరుకు మనకు 60 వాట్ల దాకా ఎదురు వచ్చి పడుతోంది. మామూలు గదిలో, గోడలు 27 డిగ్రీల దగ్గర ఉంటే, మనమే గోడలకు ఇస్తాం. ఇక్కడ పైకప్పే మనకు ఇస్తోంది.

ఫ్యాను గాలిని మాత్రమే కదిలిస్తుంది. చెమట ఆరబెట్టి మేలు చేస్తుంది, కానీ పైనుంచి వచ్చే కిరణాలను ఆపలేదు. గదిలో గాలి ఉష్ణోగ్రత కొలిచి పర్వాలేదే అనుకోవడం అందుకే మోసం చేస్తుంది. పక్క గదికి వెళ్తే అదే గాలి, అదే ఫ్యాను, కానీ పైన ఇంకో అంతస్తు ఉంటే హాయిగా ఉంటుంది.

అన్నీ వెలుగుతున్నాయంటున్నారు. మరి చీకట్లో కనిపించవేం?

మన కన్ను చూడగలిగేది చాలా సన్నని పట్టీ. సుమారు 0.4 నుంచి 0.7 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం వరకే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). వస్తువు ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువగా పంపుతుందో తెలుసుకోవాలంటే 2,898ని కెల్విన్లతో భాగించండి, మైక్రాన్లలో వస్తుంది. 1893లో విల్‌హెల్మ్ వీన్ చెప్పిన నియమం ఇది. సూర్యుడి ఉపరితలం 5,772 కెల్విన్లు, శిఖరం 0.5 మైక్రాన్ల దగ్గర, సరిగ్గా మన కంటి పరిధి మధ్యలో. పాతకాలపు ఫిలమెంటు బల్బు 2,800 కెల్విన్లు, శిఖరం ఒక మైక్రాన్ దాటి, అంటే కంటికి కనిపించని చోట. ఆ బల్బుకు ఇచ్చిన కరెంటులో చాలా భాగం వెలుగుగా కాక వేడిగా పోవడానికి కారణం అదే. మనిషి చర్మం 9.5 మైక్రాన్లు. చీకటి గదిలో మనమందరం వెలుగుతూనే ఉంటాం, ఆ రంగు చూసే కన్నే మనకు లేదు.

ఇనుము ఏ వేడి దగ్గర ఎర్రబడుతుంది? రాగి, రాయి కూడా అక్కడే ఎర్రబడతాయా?

చీకట్లో చూస్తే సుమారు 525 డిగ్రీల దగ్గర మసక ఎరుపు కనిపించడం మొదలవుతుంది. 1847లో జాన్ విలియం డ్రేపర్ ఇది లోహాన్ని బట్టి మారదని చూపించారు. అంతకు ముందే, 1792లో, ఇంగ్లండులో పింగాణీ తయారీ కుటుంబానికి చెందిన థామస్ వెడ్జ్‌వుడ్ అదే గమనించారు. పాత్రలు కాల్చే ఇంట్లో పుట్టినవాడికి ఈ సంగతి కనిపించడం సహజమే, ఎందుకంటే ఆవంలోకి చూసిన వాళ్లందరికీ కనిపించేదే ఇది.

ఒకసారి ఇటుక బట్టీ దగ్గర ఎర్రగా కాలుతున్న లోపలికి చిన్న కన్నం గుండా చూశాను. ఇటుకలన్నీ బాగా కాలి, లోపలంతా ఒకే వేడికి వచ్చిన సమయం. ఇటుకకీ ఇటుకకీ మధ్య సందు కనిపించలేదు. అంచులు లేవు, నీడలు లేవు, ఒకటే నారింజ కాంతి. పని చేస్తున్న పెద్దాయన ఒక ఇనుప చువ్వ లోపలికి పెట్టి కాసేపు ఉంచాడు. మొదట నల్లగా కనిపించిన చువ్వ క్రమంగా ఎర్రబడి, తర్వాత ఆ కాంతిలో కలిసిపోయి కనిపించకుండా పోయింది. చువ్వ అక్కడే ఉంది. తక్కువ పంపే వస్తువు తనమీద పడ్డదాన్ని అంత ఎక్కువగా వెనక్కి కొడుతుంది. రెండూ కలిపితే అన్నీ ఒకేలా వెలుగుతాయి. భౌతికశాస్త్రంలో కృష్ణ వస్తువు అనేదాన్ని, అంటే పైన చెప్పిన పూర్తి నల్లటి ఆదర్శ వస్తువును, ప్రయోగశాలలో తయారు చేసేది ఇలాగే: ఒకే వేడికి తెచ్చిన గుల్ల, దానికి చిన్న కన్నం.

వేడి పెరిగేకొద్దీ రంగు మారుతుంది. 800 డిగ్రీల చుట్టుపక్కల బాగా ఎరుపు, 1,000 దగ్గర నారింజ, 1,100 దాటాక పసుపు, 1,300 దాటితే తెలుపు. కమ్మరి ఇనుమును ఎప్పుడు దాగలి మీద పెట్టాలో రంగు చూసే చెబుతాడు. కొలిమి దగ్గర మరీ వెలుతురు లేకుండా చూసుకునేది కూడా ఆ రంగు సరిగా కనిపించడానికే.

ఎరుపు, నారింజ, పసుపు తర్వాత ఆకుపచ్చ రావాలి కదా? ఆకుపచ్చగా కాలిన ఇనుము ఎందుకు ఉండదు?

శిఖరం ఆకుపచ్చ దగ్గరికి వచ్చేసరికి ఎరుపు, నీలం కూడా పుష్కలంగా వస్తుంటాయి. అన్నీ కలిస్తే కంటికి తెలుపే. పైగా శిఖరం అక్కడికి రావాలంటే 5,000 కెల్విన్లు దాటాలి. ఇనుము అంతకు చాలా ముందే ఆవిరైపోతుంది.

గ్యాస్ స్టవ్ మంట నీలం, దీపం మంట పసుపు. నీలం ఎక్కువ వేడి అనే కదా?

నీలం మంట ఎక్కువ వేడే, కానీ కారణం మీరనుకునేది కాదు. దీపం మంటలో పసుపు వెలుగు ఇచ్చేది వాయువు కాదు, పూర్తిగా కాలని సన్నటి మసి రేణువులు. అవి ఘనపదార్థం. వేడికి ఎర్రని ఇనుములాగే వెలుగుతాయి. దీపం మీద చల్లటి మూకుడు బోర్లిస్తే ఆ రేణువులే వచ్చి అంటుకుంటాయి. ఇంట్లో కాటుక పట్టేది అలాగే. అంటే కంటికి పెట్టుకున్న కాటుక కొద్దిసేపటి క్రితం దీపం వెలుగు.

స్టవ్‌లో గాలి సరిపడా కలిసి గ్యాసు పూర్తిగా కాలుతుంది, మసి మిగలదు. ఆ నీలం కార్బన్, హైడ్రోజన్ కలిసిన చిన్న చిన్న అణువులు తమ సొంత తరంగదైర్ఘ్యాల్లో ఇచ్చే వెలుగు. ఆ రంగు నుంచి వీన్ నియమంతో ఉష్ణోగ్రత లెక్కకడితే తప్పు వస్తుంది. స్టవ్ మంట పసుపుగా మారి గిన్నె అడుగు మసిబారుతోందంటే బర్నర్‌లోకి గాలి సరిగా వెళ్లడం లేదన్నమాట. శుభ్రం చేయించండి.

నల్ల వస్తువు వేడిని పీల్చుకుంటుంది, సరే. బయటకు పంపేది కూడా నల్లదేనా?

అవును. బాగా పీల్చేది బాగా పంపుతుంది. ఇది 1859లో గుస్తావ్ కిర్కాఫ్ చెప్పిన మాట. అలా కాకపోతే ఇటుక బట్టీలో చువ్వ కలిసిపోయేది కాదు. ఒకే వేడిలో ఉన్న రెండు వస్తువుల్లో ఒకటి దానంతట అదే వేడెక్కి రెండోది చల్లబడేది. అలా ఎప్పుడూ జరగదు.

కానీ ఈ నియమంలో ఒక షరతు ఉంది, దాన్ని వదిలేయడం వల్లే సగం అపోహలు పుడతాయి. పీల్చడం, పంపడం ఒకే తరంగదైర్ఘ్యం దగ్గర పోల్చాలి. సున్నం చూడండి. ఎండ విషయంలో అది తెలుపు, పడ్డ వెలుతురులో చాలా భాగం వెనక్కి పంపేస్తుంది. అదే సున్నం పది మైక్రాన్ల దగ్గర దాదాపు నలుపు. తన వేడిని 0.9 ఉద్గారతతో బయటకు తోసేస్తుంది. మన కంటికి తెల్లగా కనిపించే వస్తువు పరారుణంలో తెల్లగా ఉండాలని ఎక్కడా లేదు. తెల్ల పెయింటు, నల్ల పెయింటు, కాగితం, మనిషి చర్మం (ఏ రంగుదైనా), అన్నీ అక్కడ నలుపే. నిజంగా తెల్లగా, అంటే అద్దంలా ఉండేది మెరుగుపెట్టిన లోహం. అల్యూమినియం రేకు ఉద్గారత 0.05 లోపే.

అందుకే డాబా మీద సున్నం గానీ తెల్ల పెయింటు గానీ వేయడం రెండు వైపులా లాభం: పగలు ఎండ తీసుకోదు, ఉన్న వేడి బయటకు పంపుతుంది. మెరిసే ఇనుప రేకు ఎండను కొంత వెనక్కి కొట్టినా, ఎక్కిన వేడిని వదలదు, కాబట్టి మధ్యాహ్నానికి ముట్టుకోలేనంత కాలుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం వెనక ఉన్న భౌతికశాస్త్రం ఇంతే. మా తాతల కాలం నుంచి ఉన్న సున్నం బకెట్టుకు ఇది శాస్త్రం ఇచ్చిన మర్యాద అని నాకు సంతోషం.

నుదురు దగ్గర పెట్టే థర్మామీటరు గన్ మనలోకి కిరణాలు పంపుతుందా?

పంపదు. కోవిడ్ రోజుల్లో ఈ భయం చాలామందిలో చూశాను, చేతికి పెట్టమని బతిమాలేవాళ్లు. అది మీ నుదురు నుంచి వస్తున్న వికిరణాన్ని తీసుకుంటుంది, అంతే. లోపల ఒక చిన్న సెన్సర్ ఆ కిరణాలకు కాస్త వేడెక్కుతుంది. ఆ వేడిని బట్టి అంకె చూపిస్తుంది. ఫ్యాక్టరీల్లో వాడే గన్‌లకు గురి చూడటానికి ఎర్ర లేజర్ చుక్క ఉంటుంది, దానికీ కొలతకూ సంబంధం లేదు. కళ్లలో మాత్రం పడనివ్వకండి.

అదే గన్‌తో స్టీలు గిన్నె కొలిస్తే తప్పు చూపిస్తుందేం?

ఇది మా వంటింట్లోనే చూశాను. స్టీలు గిన్నెలో నీళ్లు తెర్లుతున్నాయి. గన్‌ను గిన్నె పక్కకు పెడితే 43 డిగ్రీలు అంది. మొదట గన్ పాడైందనుకున్నాను. గిన్నెకు ఒక పక్క కాగితపు టేపు ముక్క అంటించి దాని మీద పెడితే 90 దాటింది. టేపు పక్కనే, వేలెడు దూరంలో, మళ్లీ 43.

గిన్నె వేడి రెండు చోట్లా ఒకటే. మెరిసే స్టీలు ఉద్గారత 0.15 లాంటిది, తన వికిరణం కొంచెమే పంపి, మిగతాది చుట్టూ ఉన్న గోడల వికిరణాన్ని అద్దంలా గన్ వైపు తోస్తుంది. గన్ మాత్రం ఎదుట ఉన్నది 0.95 ఉద్గారత గలదని నమ్మి లెక్క కడుతుంది. అందుకే మెరిసే లోహం మీద గన్ అంకెను నమ్మకండి. టేపు అంటించండి, లేదా మసి పూసి కొలవండి. కరెంటు సబ్‌స్టేషన్లలో థర్మల్ కెమెరాలతో వేడెక్కిన జాయింట్లు వెతికేవాళ్లకు ఇది చాలా ముఖ్యం. మెరిసే బస్‌బార్ (కరెంటు మోసే లోహపు పట్టీ) చల్లగా కనిపించినంత మాత్రాన చల్లగా ఉన్నట్టు కాదు.

రాత్రి ఆరుబయట పెట్టిన బండి మీద మంచు పడుతుంది, చెట్టు కింద పెడితే పడదు. ఆకాశం నుంచి పడుతుందా?

మంచు పడింది అంటాం గానీ అది పైనుంచి పడేది కాదు. బండి సీటు ఆకాశం వైపు వికిరణం పంపుతుంది. ఆకాశం నుంచి తిరిగి వచ్చేది తక్కువ, ఎందుకంటే 8 నుంచి 13 మైక్రాన్ల మధ్య పొడి గాలి దాదాపు పారదర్శకం. ఆ కిటికీలోంచి మన వేడి నేరుగా అంతరిక్షంలోకి పోతుంది. సీటు చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద నీటిగా పేరుకుంటుంది. చెట్టు కింద అయితే ఆకులు వెచ్చగా ఉండి తిరిగి పంపుతాయి. మబ్బు పట్టినా అంతే. 1814లో విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు దీన్ని పద్ధతిగా పరీక్షించి తేల్చారు.

దీన్ని వాడుకుని మన దేశంలో ఐసు కూడా చేసేవాళ్లు. అలహాబాద్, కలకత్తా ప్రాంతాల్లో జరిగిన ఆ పని గురించి 1775లో రాబర్ట్ బార్కర్ రాశారు. నేలలో రెండడుగుల లోతు గుంట తీసి, అడుగున ఎండిన చెరకో దంట్లో మందంగా పరిచి, వాటి మీద పలచటి మట్టి మూకుళ్లలో కాచి చల్లార్చిన నీళ్లు పోసి రాత్రి వదిలేసేవాళ్లు. గాలి గడ్డకట్టేంత చల్లగా లేకపోయినా తెల్లవారేసరికి ఐసు. పరిచిన గడ్డి నేల వేడిని రానివ్వదు, ఆకాశం పై వేడిని తీసుకుపోతుంది, నీరు కొంచెం ఆవిరవడం కూడా తోడవుతుంది. ఏ ఫ్రిజ్జూ లేని కాలంలో అంతరిక్షాన్నే ఫ్రిజ్‌గా వాడుకున్న ఆ పనివాళ్ల తెలివి నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. కోస్తాలో ఉక్కపోసే రాత్రి ఇది కుదరదు. గాలిలో ఉన్న నీటి ఆవిరి ఆ కిటికీని సగం మూసేస్తుంది. ఆదిలాబాద్ వైపు చలికాలం పొడి రాత్రులు అంతగా వణికించడంలో తెరిచి ఉన్న ఈ కిటికీ వాటా పెద్దదే.

2014లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆశ్వత్ రామన్, శాన్‌హుయ్ ఫాన్ బృందం ఇదే పని పట్టపగలు ఎండలో చేసి చూపింది. సూర్యకాంతిని 97 శాతం వెనక్కి కొడుతూ, ఈ కిటికీలో మాత్రం బాగా పంపే పలచటి పొరల పలక తయారు చేశారు. ఎండలోనే అది గాలి కంటే సుమారు 5 డిగ్రీలు చల్లగా ఉంది.

ఈ వేడి వెలుగు నుంచే క్వాంటమ్ సిద్ధాంతం పుట్టిందంటారు. ఎలా?

1890లలో బెర్లిన్ దగ్గర జర్మనీ కొలతల సంస్థలో లుమ్మర్, ప్రింగ్‌షైమ్, కుర్ల్‌బౌమ్ లాంటివాళ్లు గుల్ల కన్నంలోంచి వచ్చే వెలుగును తరంగదైర్ఘ్యాల వారీగా కొలుస్తున్నారు. వీధి దీపాల వెలుగుకు నమ్మకమైన ప్రమాణం కావాలన్నది ఒక అవసరం. ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత వస్తుందో చెప్పడానికి వీన్ ఇచ్చిన మరో సూత్రం పొట్టి తరంగాల దగ్గర కుదిరేది, పొడుగు తరంగాల దగ్గర తప్పేది.

1900 అక్టోబరు 7న, ఒక ఆదివారం, పొడుగు తరంగాలను కొలుస్తున్న హైన్‌రిష్ రూబెన్స్, ఆయన భార్య కలిసి భౌతికశాస్త్రవేత్త మాక్స్ ప్లాంక్ ఇంటికి వెళ్లారు. పొడుగు తరంగాల దగ్గర వికిరణం ఉష్ణోగ్రతకు సూటిగా అనులోమంగా ఉందని రూబెన్స్ మాటల్లో చెప్పారు. ప్లాంక్ ఆ రెండు కొసలనూ కలిపే సూత్రం కట్టి అక్టోబరు 19న సభలో పెట్టారు. కొలతలతో అచ్చంగా సరిపోయింది. కానీ ఎందుకు సరిపోయిందో చెప్పాలి కదా. డిసెంబరు 14న ఆయన ఇచ్చిన వివరణలో శక్తి కొలిచి పోసిన గింజల్లా విడివిడిగా ఉండాల్సి వచ్చింది. క్వాంటమ్ అన్నది ఆ గింజనే. అది గత్యంతరం లేక చేసిన పని అని చాలా ఏళ్ల తర్వాత ఒక ఉత్తరంలో ఆయనే చెప్పుకున్నారు.

ఈ కథలో మనవాడు ఒకరున్నారు. ప్లాంక్ సూత్రాన్ని రాబట్టే తీరులో పాత తరంగ సిద్ధాంతం ఇంకా కలిసే ఉండేది. 1924లో ఢాకా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న సత్యేంద్రనాథ్ బోస్ అదేమీ లేకుండా, కాంతిని ఒకదానికొకటి తేడా తెలియని కణాల గుంపుగా లెక్కబెట్టి అదే సూత్రం తెచ్చారు. ఐన్‌స్టీన్‌కు పంపితే ఆయనే జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించారు. పిల్లలకు సరిగా అర్థమయ్యేలా చెప్పాలని పాఠం దగ్గర కూర్చున్న ఒక అధ్యాపకుడు అంత పని చేశారన్నది ప్రతి సంవత్సరం మా క్లాసులో చెబుతాను.

ఉపగ్రహాలకు బంగారు రేకు ఎందుకు చుడతారు?

చాలా వరకు అది బంగారం కాదు. పాలీఇమైడ్ అనే తేనె రంగు పలచటి ప్లాస్టిక్ పొరకు వెనకవైపు అల్యూమినియం పూత. వెనక మెరిసే వెండి రంగు, ముందు తేనె రంగు కలిసి బంగారంలా కనిపిస్తుంది. శూన్యంలో వేడి రావడానికైనా పోవడానికైనా వికిరణం ఒక్కటే దారి. ఆ దారిని మూయాలంటే ఉద్గారత తక్కువున్న పొరలు చాలా వేసి, ఒకదానికొకటి తగలకుండా మధ్యలో వలలాంటి గుడ్డ పెడతారు. థర్మోస్ ఫ్లాస్కులో రెండు గాజు గోడల మధ్య గాలి తీసేసి వెండి పూత పూయడం కూడా ఇదే పని.

రాత్రిపూట తుపాను ఫొటోలు ఎలా తీస్తారు?

శ్రీహరికోట నుంచి 2024 ఫిబ్రవరి 17న వెళ్లిన ఇన్‌శాట్-3డీఎస్ లాంటి ఉపగ్రహాలు 11, 12 మైక్రాన్ల దగ్గర భూమి వికిరణాన్ని చూస్తాయి. దానికి సూర్యుడు అక్కర్లేదు. సముద్రం వెచ్చగా ఉండి ఎక్కువ పంపుతుంది, ఎత్తైన మేఘం నెత్తి చల్లగా ఉండి తక్కువ పంపుతుంది. టీవీలో తెల్లగానో ఎర్రగానో చూపించే చోటు నిజానికి అన్నిటికంటే చల్లటిది. మైనస్ 70, మైనస్ 80 డిగ్రీల మేఘం అంటే చాలా ఎత్తుకు ఎదిగిందని, దాని కింద గట్టి వాన ఉందని వాతావరణ శాఖవాళ్లకు అర్థమవుతుంది.

థర్మల్ కెమెరాకు గోడ అవతల మనిషి కనిపిస్తాడా?

కనిపించడు. అది గోడ ఉపరితలాన్ని మాత్రమే చూస్తుంది. కిటికీ గాజు కూడా ఆ కిరణాలకు గోడే. గాజు ముందు నిలబడితే మీ ప్రతిబింబమే కనిపిస్తుంది. పలచటి నల్ల చెత్త కవరు మాత్రం దాదాపు పారదర్శకం. కంటికి పారదర్శకమైన గాజు కెమెరాకు అడ్డం, కంటికి అడ్డమైన కవరు కెమెరాకు కిటికీ.

ఎల్‌ఈడీ బల్బు, మిణుగురు పురుగు కూడా ఇలాగే వెలుగుతాయా?

లేదు. వాటి వెలుగుకు వేడి కారణం కాదు.

ఇంట్లో చేసి చూడదగ్గ ప్రయోగం ఏదైనా చెప్పండి.

ఒకే రకం స్టీలు గ్లాసులు రెండు తీసుకోండి. ఒకదాని బయటివైపంతా దీపం మంట మీద తిప్పుతూ మసి పట్టించండి. చల్లారాక రెండింట్లో ఒకే కొలతలో, 80 డిగ్రీల నీళ్లు పోసి, పైన ఒకే రకం మూతలు పెట్టి, చెక్క మీద దూరదూరంగా ఉంచండి. ఫ్యాను ఆపండి, గాలి వీస్తే తేడా కనపడకుండా పోతుంది. పావుగంట తర్వాత థర్మామీటరు ముంచి చూడండి. మసి గ్లాసులో నీళ్లు నాలుగైదు డిగ్రీలు ఎక్కువ చల్లబడి ఉంటాయి. పిల్లలను ముందుగా అడగండి, ఏది తొందరగా చల్లారుతుందో. నల్లది వేడిని దాచుకుంటుంది కాబట్టి అదే వేడిగా ఉంటుందని ఎక్కువమంది అంటారు. ఏమీ దిద్దకండి. థర్మామీటరు వాళ్ల చేతికే ఇవ్వండి.